ఆ కొమ్ము మీద ఎరుపు

"పనితనం బాగుంది. ఆ ఎరుపు ఒక్కటీ లేకపోతే ఇంకా బాగుండేది."

పోయిన అక్టోబరులో, న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీకి ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో పాతకాలపు చేతిపనుల ప్రదర్శన పెడితే నేనూ ఒక బల్ల తీసుకున్నాను. నేను పెట్టిన మందుకొమ్మును చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి ఒక పెద్దమనిషి అన్న మాట అది. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, నొప్పించాలని అనలేదు. "రంగు పడితే కొమ్ము కాస్తా బొమ్మ అయిపోతుంది. పాతవాళ్ళు ఇలా చెయ్యలేదు" అని కూడా అన్నారు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. చలికాలమంతా ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మందుకొమ్ము అంటే తుపాకిమందు పోసుకునే ఆవుకొమ్ము. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించి కాల్చే తుపాకుల రోజుల్లో వేటగాళ్ళూ, పల్లెల నుంచి వచ్చిన సైనికులూ దీన్ని భుజాన తగిలించుకునేవాళ్ళు. తేలిగ్గా ఉంటుంది, తడి లోపలికి పోదు, ఇనుములా నిప్పురవ్వ లేపదు. పల్చగా గీకితే లోపల మందు ఎంతుందో కూడా కనిపిస్తుంది. వెడల్పు వైపు చెక్క బిళ్ళ, సన్నటి కొసకి రంధ్రం, దానికో బిరడా. అంతే. కానీ 1750లలో ఫ్రెంచివాళ్ళతో జరిగిన యుద్ధంలోనూ, అమెరికా స్వాతంత్ర్య పోరాటం మొదట్లో, 1775-76లో బోస్టన్ ముట్టడిలోనూ నెలల తరబడి శిబిరాల్లో పడి ఉన్నవాళ్ళు వీటి మీద చాకుమొనతోనో సూదితోనో గీసుకున్నారు, లేదా చేయి తిరిగినవాడితో గీయించుకున్నారు. "ఫలానావాడి కొమ్ము, రాక్స్‌బరీలో చేసినది, 1775" అని రాత. రాక్స్‌బరీ బోస్టన్ పక్కనే. కోటలు, ఓడలు, జింకలు. హడ్సన్ నది వెంట ఆల్బనీ మీదుగా లేక్ జార్జ్ సరస్సు దాకా సైన్యం నడిచిన దారి.

నాకు ఈ పని నేర్పింది మా పక్కింటి పెద్దాయన. మేము ఈ ఇల్లు కొన్న కొత్తలో ఆయన గరాజ్‌లోంచి వెంట్రుకలు కాలినట్టు వాసన వస్తే కంగారుపడి వెళ్ళాను. కొమ్ముకి రంధ్రం వేస్తున్నారు. ఆ రోజు నిలబడి చూసినవాణ్ణి, తర్వాత కూర్చున్నాను, ఆ తర్వాత ఆకురాయి చేతికిచ్చారు. ఆయన 1968-69లో వియత్నాంలో ఆర్మీ ట్రక్కు నడిపారు. ఎనిమిదేళ్ళలో ఆ సంగతి పది వాక్యాలకు మించి చెప్పలేదు. ఆయన డెబ్బై అయిదో పుట్టినరోజుకి నేను చేసిచ్చిన కొమ్మే, ప్రదర్శనలో ఆ పెద్దమనిషి తిప్పి చూసింది.

పాతవి రంగు లేనివేనా?

ముందు ఆ పెద్దమనిషి మాటలో నిజమెంతో ఒప్పుకోవాలి. మిగిలి ఉన్న పాత కొమ్ముల్లో ఎక్కువ వాటి మీద ఉన్నవి నలుపో గోధుమరంగో గీతలే. చెక్కిన గాట్లలో మసో సిరాయో రుద్దితే చాలు, గీత తేలుతుంది. శిబిరంలో మసికి కరువుండదు.

కానీ అన్నీ అలా లేవు. కొన్నిటి మీద ఎరుపు, ఆకుపచ్చ ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ కాలం రంగుల అంగడిలో ఎరుపంటే ఇంగిలీకం, పచ్చంటే చిలుము. రెండూ మన పాత చిత్రకారులకి తెలిసినవే. చిలుముపచ్చ ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. రెండువందల యాభై ఏళ్ళ చేతిచెమట, పొయ్యిపొగ, ఎండ పడ్డ వస్తువుని ఇవాళ గాజు అద్దం వెనక చూసి "పాతవాళ్ళకి ఈ తేనెరంగే ఇష్టం" అనుకుంటున్నామేమో అని నాకు అనుమానం. మనం మెచ్చుకునే ఆ ముదురురంగులో సగం చెక్కినవాడు అడిగి వేయించుకున్నది కాదు.

ఇక్కడికి దగ్గర్లోనే, కానజోహరీలో, రూఫస్ గ్రైడర్ అనే డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. ముసలితనంలో, 1900లో చనిపోయేదాకా, ఇంటింటికీ తిరిగి వందల కొమ్ముల్ని వెతికి నీటిరంగుల్లో బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలు ఇప్పుడు న్యూయార్క్ హిస్టారికల్ అనే మ్యూజియంలో ఉన్నాయి. వంకర తిరిగిన కొమ్ము మీది బొమ్మని విప్పి, చాప పరిచినట్టు బల్లపరుపుగా పరిచి చూపించాడు. నేను మొదటిసారి వాటి ఫొటోలు చూసినప్పుడు ఆ గీతలు ఎవరి జీవితానివో అర్థమైంది. అప్పటిదాకా నాకు కొమ్ములన్నీ ఒకలాగే ఉండేవి.

ఒకడి పేరు మాత్రం చెప్పకుండా ఉండలేను. జాన్ బుష్. మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీవాడు, నల్లజాతివాడు. 1755 ప్రాంతంలో లేక్ జార్జ్ శిబిరంలో తోటివాళ్ళ కొమ్ముల మీద వాళ్ళ పేర్లు ఎంత అందమైన అక్షరాలతో చెక్కాడంటే, తర్వాత చాలామంది ఆ వరసే పట్టుకున్నారు. 1757 ఆగస్టులో అక్కడి బ్రిటిష్ కోట ఫోర్ట్ విలియం హెన్రీ ఫ్రెంచివాళ్ళ చేతిలో పడిపోయినప్పుడు బందీ అయ్యాడు, మళ్ళీ ఇల్లు చేరలేదు. ఎవరెవరి సేవనో ఆ కొమ్ముల మీద నిలబెట్టినవాడి సొంత కథ మనకి దొరికేది ఎక్కువగా కాగితాల్లోనే. ఒకరి కొలువుని ఇంకొకరు చెక్కడమనేది ఈ పనిలో మొదట్నుంచీ ఉంది. కాబట్టి, చెక్కేవాడిగా నాకెంత చనువుంది అన్న ప్రశ్న కూడా మొదట్నుంచీ ఉన్నట్టే.

అయినా, పాతవాళ్ళు చేశారా లేదా అన్నదాని మీద నా వాదన నిలబెట్టను. వాళ్ళు ఒక్క చుక్క రంగు వేయకపోయినా ఈ కొమ్ము మీద ఆ ఎరుపు ఉండాల్సిందే.

రంగు ఎక్కడ ఆగుతుందంటే

కొమ్ముకి రంగు వేయడమంటే గోడకి వేసినట్టు కాదు. కొమ్ముని ముందు ఆకురాయితో అరగదీస్తాం, తర్వాత స్క్రేపర్‌తో గీకుతాం, చివరికి వేలికి గాజులా తగిలేదాకా పాలిష్ పడతాం. ఎక్కడైనా చిన్న బరక మిగిలిందా, రంగు అందులో దూరి కూర్చుంటుంది, ఎంత తుడిచినా రాదు. తర్వాత గీత చెక్కి, వేలితో సిరా రుద్ది, ఆరకముందే తుడిచేస్తాం. నునుపు మీద పడిందంతా వచ్చేస్తుంది. గాటులో దిగింది ఉండిపోతుంది.

రెండు రంగులంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఎర్రగీతలన్నీ ముందే చెక్కి, రంగు నింపి, ఆరనిచ్చి, ఆ తర్వాతే నల్లగీతలకి చాకు పట్టుకోవాలి. తొందరపడి అన్నీ ఒకేసారి చెక్కితే నలుపు అన్నిట్లోకీ పాకుతుంది. నా మొదటి రెండు కొమ్ములూ అలాగే పాడుచేశాను.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. చాకు వెళ్ళని చోటికి రంగు వెళ్ళదు. ఒక్కో గీత చేత్తో సంపాదించుకోవాలి. మర్చిపోవడానికి వేసే రంగుకీ, గుర్తుంచుకోవడానికి వేసే రంగుకీ తేడా నాకు ఇక్కడే తెలిసింది. మొదటిదాన్ని నేను మా ఇంట్లోనే చూశాను.

మాది తాడేపల్లిగూడెం పక్క ఊరు. మిలటరీ మాధవరం అక్కడికి పెద్ద దూరం కాదు, కాబట్టి ఆర్మీకి వెళ్ళినవాళ్ళు మా వైపు వింత కాదు. మా పెదనాన్న కూడా వెళ్ళాడు. ఆయన ట్రంకుపెట్టె నల్లగా ఉండేది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. ఆయనే కుంచెతో రాసుకున్నాడు. పేరులో చివరి అక్షరానికి చోటు చాలక కొంచెం కిందికి దిగిపోయింది. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ దిగిపోయిన అక్షరం మీద వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి.

పెదనాన్న పోయాక ఒక రిపబ్లిక్ డే నాడు ఊళ్ళో స్కూలువాళ్ళు మాజీ సైనికుల వస్తువులు పెడదామన్నారు. మా అన్నయ్య ఆ పెట్టెని తళతళలాడేలా చేయాలని కొత్త ఎనామిల్ తెచ్చి, మూత మీద కాషాయం, తెలుపు, పచ్చ మూడు పట్టీలు వేయించాడు. నేను తర్వాతి ఏడాది వెళ్ళి చూశాను. నంబరు లేదు, పేరు లేదు.

"అయ్యో, అది గుర్తు రాలేదురా. నాన్నకి గౌరవంగా ఉంటుందని చేశాను" అన్నాడు అన్నయ్య. వాడి కళ్ళు తడి అయ్యాయి. నేనూ ఏమీ అనలేదు. ప్రేమతోనే చేశాడు. జెండా మీద ఎవరికి కోపం ఉంటుంది? కానీ ఆ పెట్టె ఇప్పుడు ఏ సైనికుడిదైనా కావచ్చు.

పచ్చ వద్దన్నారు

అంత తెలిసీ, పెద్దాయన కొమ్ముకి నేనూ అన్నయ్య దారే పట్టబోయాను.

వియత్నాంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చే సర్వీస్ మెడల్ రిబ్బను పసుపు రంగు. రెండు అంచులా పచ్చ, మధ్యలో మూడు ఎర్రచారలు. కొమ్ముకి నేను అప్పటికే పసుపు రంగు పట్టించి ఉన్నాను. ఇంకేం, కొమ్మే రిబ్బను అవుతుంది, చుట్టూ అంచులకి పచ్చ, నడుమ మూడు ఎర్రగీతలు చెక్కితే సరిపోతుంది అనుకున్నాను. చాలా గొప్ప ఆలోచన వచ్చిందని ఆ రాత్రి నిద్రపట్టలేదు. కాగితం మీద బొమ్మ వేసి, ఊరికే ఒక మాట అడుగుదామని తీసుకెళ్ళాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఇది అక్కడున్న అందరికీ ఇచ్చారు" అన్నారు. అంతే. కాస్సేపటికి ఆ కాగితమే వెనక్కి తిప్పి, పెన్సిలుతో ఒక గీత గీశారు. సముద్రం ఒడ్డున క్వి న్యోన్ రేవు దగ్గర మొదలై, ఆన్ ఖే మీదుగా, మాంగ్ యాంగ్ కనుమ ఎక్కి, ప్లేకు దాకా. పందొమ్మిదో నంబరు రోడ్డు. సుమారు 160 కిలోమీటర్లు. "ఇది ఎరుపు చెయ్యి" అన్నారు.

రక్తం అనుకున్నాను. దుమ్మట. ప్లేకు వైపు నేల ఎర్రనేల. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము. చెవుల్లో, పళ్ళమధ్య, తినే రొట్టెలో. ఇంటికొచ్చాక వాళ్ళమ్మ బట్టలు మూడుసార్లు ఉతికినా నీళ్ళు ఎర్రగానే వచ్చాయట. ఎనిమిదేళ్ళలో ఆయన నాతో అంతసేపు ఆ సంగతి మాట్లాడటం అదే మొదటిసారి.

నేను ఉత్సాహంగా "మరి కొండలకి పచ్చ వేస్తాను" అన్నాను. నా మనసులో వియత్నాం అంటే కోనసీమ లాంటిది, కొండలంటే మారేడుమిల్లి.

"అక్కడ పచ్చ ఎక్కడుంది?" అన్నారు. పొలాలు క్వి న్యోన్ దగ్గర ఉండేవట. పైకి వెళ్ళేకొద్దీ రోడ్డుకి రెండువైపులా అడవిని బుల్‌డోజర్లతో తోసేశారు, చెట్లని చంపే మందు చల్లి ఎండబెట్టారు, పొంచి ఉండి కొట్టేవాళ్ళకి చాటు లేకుండా. నేను రిబ్బను అంచుకి వేయబోయిన పచ్చ ఆయన చూసిన రోడ్డు అంచున లేదు.

ప్రదర్శనలో ఆ పెద్దమనిషికి నేను చెప్పాల్సింది ఇదే. ఈ ఎరుపు అందం కోసం దిగలేదు, ఈ కొమ్ముకి ఆయన వద్దన్న రంగు కూడా ఒకటుంది. ఒకరి సేవకి గుర్తుగా వేసే రంగుని ఆ సేవ చేసిన మనిషే ఎంచుకోవాలి. ఇచ్చేవాడు కాదు, చెక్కేవాడు కాదు, రూలుపుస్తకం అసలే కాదు. ఆ మనిషి నలుపే చాలంటే నలుపే. గులాబీరంగు అడిగితే గులాబీయే. పాతకాలం పద్ధతి తప్పుతుందేమో, తప్పనివ్వండి.

"బొమ్మ అయిపోతుంది" అన్న మాటకి కూడా ఆ రోడ్డు మీదే జవాబుంది. 1967 సెప్టెంబర్ 2న ఆన్ ఖే దగ్గర శత్రుసేన కాపుగాసి ఒక ట్రక్కుల వరసని ధ్వంసం చేశాక, డ్రైవర్లు కొన్ని లారీలకి దొరికిన ఇనుపరేకులు బిగించి, మెషిన్ గన్లు పెట్టి, కాపలా బళ్ళుగా మార్చుకున్నారు. సైన్యం రంగు ముదురు ఆకుపచ్చ. వీళ్ళు వాటికి చాలావరకు నల్లరంగు పూసి, పక్కల మీద పెద్దపెద్ద రంగుల అక్షరాలతో పేర్లు రాశారు. ఒక బండి ఇప్పటికీ వర్జీనియాలో, ఫోర్ట్ యూస్టిస్‌లోని ఆర్మీ రవాణా మ్యూజియంలో ఉంది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, రేపు ఉంటామో లేదో తెలియనివాళ్ళు, రంగుడబ్బా వెతుక్కుని మరీ రాసుకున్నారంటే ఆ రంగు వాళ్ళకి ఆటవస్తువు అని ఎలా అనగలం? 1775లో రాక్స్‌బరీలో కొమ్ము మీద పేరు గీసుకున్నవాడికీ వీళ్ళకీ నాకు తేడా కనిపించదు.

పెద్దాయన బండికి ముందు వెళ్ళిన కాపలా బండి పేరు కొమ్ము మీద ఉంది. దాన్ని ఇక్కడ రాయను. అక్షరాలు పసుపు రంగులో ఉండేవట. కొమ్మే పసుపు కనుక చుట్టూ దట్టంగా నల్లగీతలు అల్లి, అక్షరాల్ని చెక్కకుండా వదిలేశాను. పక్కన ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు నలుపులో ఉన్నాయి. వాటికి ఏ రంగు అని నేను అడగబోతుంటేనే తల అడ్డంగా ఊపారు.

మా ఆవిడ అడిగింది

ఇదంతా విని మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "యుద్ధాన్ని ఇంత అందంగా చెక్కి గూట్లో పెట్టుకోవడం అవసరమా?"

నా దగ్గర పూర్తి జవాబు లేదు. చెరొకీలనే అమెరికా ఆదివాసుల దేశం మ్యాపు చెక్కిన కొమ్ములున్నాయి. 1761లో బ్రిటిష్ సేనాని జేమ్స్ గ్రాంట్ సేన ఆ కొండల్లో 15 ఊళ్ళు తగలబెట్టింది, చేలు నరికేసింది. కొమ్ము మీద ఊరంటే వేలిగోరంత ఇల్లు, పక్కన పేరు. చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే నన్ను భయపెడుతుంది. దానికి ఎవరైనా చక్కటి పచ్చరంగు నింపితే ఇంకా భయపడతాను.

నేను చెక్కిన ఎర్రరోడ్డు కూడా ఎవరి నేల మీద నుంచో పోయింది. బహ్నార్లు, జరాయ్‌లు అనే గిరిజనులు ఉండే కొండలవి. వాళ్ళ ఊళ్ళు కొమ్ము మీద లేవు. పెట్టాలా అని అడిగాను. "మేము ఆగేవాళ్ళం కాదు. ఆ ఊళ్ళ పేర్లు నాకు తెలియవు" అన్నారు. పుస్తకంలో చూసి నేను చెక్కొచ్చు. కానీ ఆయనకి తెలియని పేర్లు ఆయన కొమ్ము మీద ఉంటే అది ఆయన జ్ఞాపకం అవుతుందా, నా మంచితనం చూపించుకున్నట్టు అవుతుందా? ఖాళీగానే వదిలాను. సరైన పనే చేశానని ఇప్పటికీ గట్టిగా అనలేను. మా ఆవిడకి కూడా ఇదే చెప్పాను. "ఆ ఖాళీ కనిపిస్తోందిలే" అంది, కొమ్ము తిప్పి చూస్తూ.

ఒకటి మాత్రం ఆమెతో వాదించాను. రిబ్బను బొమ్మ చెక్కి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు. అందరం చప్పట్లు కొట్టి, కేకు తిని ఇంటికొచ్చేవాళ్ళం. ఆయన దుమ్మురంగు అడిగారు కాబట్టే ఆ దుమ్ము ఎక్కడిది, పచ్చ ఎందుకు లేదు, ఊళ్ళు ఏమయ్యాయి అని మాట్లాడుకుంటున్నాం.

కనుమ దగ్గర మలుపు

కొమ్ము పూర్తయ్యాక, తేనెమైనం కూడా రుద్దాక, చేతికిచ్చాను. ఆయన బొటనవేలితో రోడ్డు వెంట నడిచారు. క్వి న్యోన్ నుంచి నెమ్మదిగా. మాంగ్ యాంగ్ దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ బండి ఎడమకి తిరగాలి" అన్నారు.

నేను కుడికి తిప్పాను. కాగితం మీద ఆయన గీసింది సరిగ్గానే ఉంది. వంకర కొమ్ము మీదికి దింపేటప్పుడు నేనే పొరబడ్డాను. గీకేసి మళ్ళీ చెక్కుదామంటే అక్కడ కొమ్ము అప్పటికే బాగా పల్చబడింది, చిల్లి పడుతుంది. సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన బల్ల సొరుగులోంచి తన చాకు తీసి, నా ఎర్రగీత పక్కనే ఎడమకి తిరిగే మలుపు తనే చెక్కారు. ఇప్పుడాయన చెయ్యి వణుకుతుంది. గీత రెండుచోట్ల జారింది. తుడిచి, ఊదారు. రంగు రుద్దలేదు.

ప్రదర్శనకి తీసుకెళ్ళమని ఆయనే అన్నారు. ఆ పెద్దమనిషి కూడా ఆ గీత దగ్గర ఆగి, "ఇక్కడ చాకు జారిందా?" అని అడిగారు. లేదన్నాను.

కొమ్ము తిరిగి ఇచ్చేటప్పుడు నా ఎర్రసిరా సీసా కూడా పట్టుకెళ్ళాను. ఆయన తీసుకుని గరాజ్‌లో అర మీద, మేకుల డబ్బా పక్కన పెట్టారు. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు చూశాను. సీసా అక్కడే ఉంది, మూత విప్పలేదు.